గీతకీ గీతకీ మధ్య ఎంత? చార్టు అక్షాల స్కేలు వెనక లెక్కలు

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు అంకెలున్నాయి. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద రోజుల్లో టీవీ పెట్టినా పేపరు తిప్పినా ఈ మూడు అంకెల చుట్టూనే వార్తలన్నీ. ఇప్పుడు ఆ రోజుల నీటిమట్టాలను ఎక్సెల్‌లో పోసి లైన్ చార్ట్ గీయమంటే, నిలువు అక్షం మీద 0, 10, 20, 30 అంటూ 80 వరకు గీతలు కొట్టి ఇస్తుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ 43 ఎక్కడుంది? 40కీ 50కీ మధ్య ఎక్కడో. 48? అదీ ఆ గడిలోనే. లోతట్టు కాలనీలను ఖాళీ చేయించాలా వద్దా అని తేల్చే మూడు అంకెల్లో రెండు ఒకే గడిలో ఇరుక్కున్నాయి, మూడోది పై గడిలో పడింది. వాటిలో ఒక్కదానికీ గీత లేదు.

సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందని కాదు. దానికి తెలిసింది అతి చిన్న సంఖ్య, అతి పెద్ద సంఖ్య, చార్టుకి తెర మీద దొరికిన చోటు, అంతే. గోదావరి గురించి దానికేం తెలియదు. కాబట్టి గీతలు ఎక్కడ పడాలన్నది మనం చెప్పాల్సిన సంగతి. చెప్పడానికి మెనూలో నాలుగు పెట్టెలే ఉంటాయి గానీ, ఏ పెట్టె మారిస్తే ఏం మారుతుందో చాలామందికి గజిబిజిగానే ఉంటుంది.

పరిధి వేరు, అంతరం వేరు

"స్కేలు మార్చు" అని ఆఫీసులో ఎవరైనా అంటే రెండు వేర్వేరు పనుల్లో ఏదైనా కావచ్చు. ఒకటి, అక్షం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్నది. ఎక్సెల్‌లో ఇది ఫార్మాట్ యాక్సిస్ ప్యానెల్లో బౌండ్స్ కింద మినిమమ్, మాక్సిమమ్ అని ఉంటుంది. రెండోది, ఆ పరిధిలో ఎంతెంత దూరానికి ఒక గీత, ఒక అంకె రావాలన్నది. ఇది యూనిట్స్ కింద మేజర్ (అంకె ఉండే పెద్ద గీతలకి), మైనర్ (వాటి మధ్య చిన్న గీతలకి) అని ఉంటుంది.

మొదటిది మారిస్తే చార్టు ఆకారమే మారుతుంది. అదే డేటా, అవే చుక్కలు, కానీ వాలు నిటారుగా కనిపిస్తుంది, లేదంటే చదునైపోతుంది. రెండోది మారిస్తే ఆకారంలో ఏ మార్పూ ఉండదు. చదవడం మాత్రం సులువవుతుంది, లేదా కష్టమవుతుంది. చూసేవాళ్లను తప్పుదోవ పట్టించే చార్టుల్లో ఎక్కువ భాగం పరిధితో ఆడుకున్నవే. అంతరం సరిగా లేకపోతే జరిగే నష్టం వేరు: ఎవరూ మోసపోరు గానీ, కావలసిన అంకె ఎవరికీ దొరకదు.

ఇవి రెండూ కలగాపులగం కావడానికి ఒక కారణం ఉంది. పరిధిని ఆటోలో (అంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఎంచుకునేలా) వదిలేసి మేజర్ యూనిట్ ఒక్కటే మారిస్తే ఎక్సెల్ పరిధిని కూడా జరుపుతుంది. ఎందుకంటే ఆటోలో మాక్సిమమ్ ఎప్పుడూ మేజర్ యూనిట్ గుణిజం మీదే ఆగుతుంది. 80 వరకు ఉన్న అక్షానికి 25 అంతరం ఇవ్వండి, పై అంచు 75కో 100కో పోతుంది. చేసింది గీతల మార్పే అయినా వంపు కాస్త పొట్టిగానో పొడుగ్గానో కనిపిస్తుంది. నాలుగు పెట్టెల్లో ఒకటి ముట్టుకున్నాక మిగతా మూడూ ఓసారి చూసుకోవడం మంచిది.

ఇంకో పొరపాటు హిస్టోగ్రాంలలో, అంటే విలువలను గుంపులు చేసి ఏ గుంపులో ఎన్ని ఉన్నాయో కడ్డీలతో చూపే చార్టుల్లో వస్తుంది. అక్కడ బిన్ వెడల్పు, అంటే ఒక్కో గుంపు వెడల్పు, అనేది అక్షం మీది గీతల అంతరం కాదు. పరీక్ష మార్కులను పదేసి మార్కుల గుంపులుగా చేస్తే ఒక ఆకారం, అయిదేసిగా చేస్తే వేరే ఆకారం వస్తుంది. అది డేటాను లెక్కపెట్టే తీరును మార్చడం. గీతల సెట్టింగు అనుకుని దాన్ని కదిపితే కథే మారిపోతుంది.

ఆటో ఎలా ఆలోచిస్తుంది

దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ మూల సూత్రం ఒకటే: అంతరం 1, 2, 5 లలో ఒకటి కావాలి, లేదా వాటిని పదులతో, వందలతో హెచ్చించినదో భాగించినదో కావాలి. అంటే 0.2, 5, 10, 200, 5000 లాంటివి. కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ హెక్‌బర్ట్ 1990లో ప్రచురించిన చిన్న పద్ధతి ఇదే. ఆ తర్వాత వచ్చినవాళ్లు 2.5, 4, 3 లాంటివి కూడా చేర్చి, ఏది ఎంత బాగుంటుందో మార్కులు వేసే పద్ధతులు తయారు చేశారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆటోలో 1, 2, 2.5, 5 వాడుతుంది.

ఈ అంకెలే ఎందుకంటే, రెండు గీతల మధ్య పడిన చుక్క విలువ మనసులోనే అంచనా కట్టగలగాలి. 20కీ 30కీ సరిగ్గా మధ్యలో ఉంటే 25 అని టక్కున చెప్పేస్తాం. అదే గీతలు 21, 28, 35 అని ఉంటే మధ్య చుక్కకి కాగితం, పెన్ను కావాలి.

అంతరం ఎంచుకోవడానికి ముందు ఎన్ని గీతలు పడతాయో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. భద్రాచలం డేటా 12 నుంచి 71.3 అడుగుల దాకా ఉందనుకుందాం (71.3 అన్నది 2022 జులైలో నిజంగా నమోదైన మట్టం). తేడా 59.3. చార్టు పొడుగ్గా ఉండి ఆరు గడులు పట్టేట్టుంటే గడికి దాదాపు 10. పొట్టిగా ఉండి మూడే పడితే దాదాపు 20. అందుకే ఎక్సెల్‌లో బాగా కుదిరిన చార్టును పవర్‌పాయింట్ స్లయిడ్‌లో ఓ మూలకి కుదించగానే 10ల గీతలు 20లవుతాయి. అక్షరాల సైజు పెంచినా ఇలాగే జరుగుతుంది. "నేనేం ముట్టుకోలేదు, దానంతటదే మారిపోయింది" అనే ఫిర్యాదులో సగం ఇదే. చార్టు పేజీ మారబోతుంటే మేజర్ యూనిట్ చేత్తో టైపు చేసి పెట్టుకోవాలి. అప్పుడు ఆ పెట్టె పక్కన ఉన్న ఆటో అనే మాట రీసెట్ అయిపోతుంది. రీసెట్ కనిపిస్తోందంటే ఆ విలువ మన చేతిలో ఉన్నట్టు.

వెబ్‌సైట్లకు చార్టులు గీసే డీ3 లైబ్రరీలో అయితే "పది గీతలు కావాలి" అని అడిగినా అది సూచన మాత్రమే. 1, 2, 5 సూత్రానికి కట్టుబడి అది ఎనిమిది ఇవ్వొచ్చు, పన్నెండు ఇవ్వొచ్చు. గూగుల్ షీట్స్‌లో గ్రిడ్‌లైన్స్ అండ్ టిక్స్ కింద కౌంట్, స్టెప్ అని రెండు దారులున్నాయి. ఎన్ని గీతలు అన్నది కౌంట్, ఎంతెంతకి అన్నది స్టెప్. నిక్కచ్చిగా కావాలంటే స్టెప్ వాడటమే మేలు.

సున్నా దగ్గర మొదలుపెట్టాలా

దీనికి శ్రీశైలం కన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ మట్టంలో ఇప్పుడు ఉండే నీరు సుమారు 215.8 టీఎంసీలు. (మొదట్లో ఇది 308 టీఎంసీలు. మిగతా చోటును పూడిక తినేసింది.) మట్టం 854 అడుగులకు దిగితే నిల్వ దాదాపు 90 టీఎంసీలు. అడుగుల్లో చూస్తే తగ్గింది 31, అంటే నూటికి మూడున్నర వంతు. నీళ్లలో చూస్తే సగానికి పైగా ఖాళీ.

ఇప్పుడు మట్టాన్ని సున్నా నుంచి 1000 అడుగుల దాకా ఉన్న అక్షం మీద గీస్తే, నిండు జలాశయమూ సగం ఖాళీ అయిన జలాశయమూ ఒకేలా కనిపిస్తాయి. గీత తాడు బిగించినట్టు అడ్డంగా పోతుంది. ఇక్కడ సున్నా అంటే సముద్ర మట్టం. దానికీ మన నీళ్లకీ సంబంధం లేదు. కాబట్టి మట్టం చార్టు 800 దగ్గర మొదలవడమే న్యాయం. నిల్వ చార్టుకి మాత్రం సున్నా అంటే నిజంగా సున్నా: నీళ్లు లేవు. అది సున్నా నుంచే మొదలవ్వాలి. "అక్షం ఎప్పుడూ సున్నా నుంచే మొదలవ్వాలి" అని రూలు పెట్టేవాళ్లు ఈ రెండు చార్టులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రూలు గట్టిగా వర్తించేది బార్ చార్టులకే. ఎందుకంటే అక్కడ కన్ను కొలిచేది కడ్డీ పొడవును. 835 దగ్గర మొదలైన కడ్డీల్లో 854 కడ్డీ కన్నా 885 కడ్డీ రెండున్నర రెట్లు పొడుగ్గా కనిపిస్తుంది. మట్టం రెండున్నర రెట్లు పెరగలేదు కదా. మట్టానికి లైన్ చార్టు వాడి, కడ్డీలను నిల్వకి వదిలేస్తే గొడవుండదు.

ఎక్సెల్ ఈ విషయంలో తనదైన లెక్క ఒకటి పాటిస్తుంది. అన్నీ ధన సంఖ్యలే అయితే, పెద్ద సంఖ్యకీ చిన్న సంఖ్యకీ మధ్య తేడా పెద్ద సంఖ్యలో ఆరో వంతు, అంటే 16.67 శాతం దాటితే అక్షం సున్నా నుంచి మొదలవుతుంది. దాటకపోతే సున్నాను వదిలేసి డేటాకు దగ్గరగా జరుగుతుంది. ఈ లెక్క తెలియకపోతే నిల్వ చార్టులో చిక్కు వస్తుంది. ఎండాకాలం నుంచి వరదల దాకా ఉన్న డేటాకి తేడా ఎక్కువ, అక్షం సున్నా నుంచే ఉంటుంది. అదే ఫైల్లో సెప్టెంబరు డేటా ఒక్కటే పెట్టామనుకోండి. నిల్వ రోజూ 180 టీఎంసీలకు పైనే ఉండి గరిష్ఠం 215 అయితే తేడా ఆరో వంతు కన్నా తక్కువ. అక్షం చప్పుడు చేయకుండా సున్నాను వదిలేసి 170 దగ్గరికో ఆ చుట్టుపక్కలకో వెళ్లిపోతుంది. నిండుకుండ లాంటి జలాశయం సెప్టెంబరు నివేదికలో ఎగుడుదిగుడుల కొండలా కనిపిస్తుంది. నెలనెలా పోల్చి చూసే నివేదిక ఏదైనా సరే, మినిమమ్ పెట్టెలో 0 అని మనమే టైపు చేయాలి.

టాబ్లో అనే చార్టుల సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఎడిట్ యాక్సిస్‌లో ఇంక్లూడ్ జీరో అని టిక్కు పెట్టే గడి ఉంది. సాఫ్ట్‌వేర్ అడక్కుండా మార్చడం కన్నా ఇలా అడగడమే నాకు పద్ధతిగా అనిపిస్తుంది.

మట్టాన్నీ నిల్వనూ ఒకే చార్టులో రెండు అక్షాలతో చూపించాలనుకుంటే అంతరం అసలు పనికొచ్చేది అక్కడే. ఎడమ అక్షం 800 నుంచి 900 దాకా 20 అంతరంతో పెడితే అయిదు గడులు. కుడి అక్షం 0 నుంచి 250 దాకా 50 అంతరంతో పెడితే అవీ అయిదే. ఒకే అడ్డగీత రెండు పక్కలా గుండు సంఖ్య (20, 50 లాంటి తేలికైన అంకె) మీదకి వస్తుంది. రెండింటినీ ఆటోకి వదిలితే ఎడమ పక్కన ఆరు గడులు, కుడి పక్కన అయిదు వచ్చి, కుడి అంకెలు గీతల మధ్య గాల్లో వేలాడతాయి. ఇంత చేసినా ఆ రెండు వంపులు ఎక్కడ ఒకదాన్నొకటి కోసుకున్నాయన్నది పట్టించుకోకూడదు. ఎడమ అక్షాన్ని 780 నుంచి మొదలుపెడితే ఆ చోటు ఎటో జరిగిపోతుంది.

43కి గీత ఎలా వేయాలి

భద్రాచలం అంకెల్లో ఒక సౌలభ్యం ఉంది. 43, 48, 53 మధ్య తేడా సరిగ్గా అయిదేసి. ఎక్సెల్‌లో గీతల లెక్క మినిమమ్ దగ్గర మొదలవుతుంది, సున్నా దగ్గర కాదు. మినిమమ్ 33, మేజర్ యూనిట్ 5, మాక్సిమమ్ 78 ఇస్తే గీతలు 33, 38, 43, 48, 53 అంటూ 78 దాకా పడతాయి. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల రికార్డు కూడా ఇందులో ఇముడుతుంది. మినిమమ్ ఒక్కటీ 7 అని ఇచ్చి అంతరాన్ని ఆటో 10కి వదిలేసినప్పుడు 7, 17, 27 అని వింత అంకెలు వచ్చేది కూడా ఇదే కారణంగా.

టాబ్లోలో ఇంకా తేలిక. టిక్ మార్క్స్ ట్యాబులో ఫిక్స్‌డ్ ఎంచుకుంటే టిక్ ఆరిజిన్, టిక్ ఇంటర్వెల్ అని రెండు పెట్టెలు వస్తాయి. ఆరిజిన్ 43, ఇంటర్వెల్ 5. పరిధి ఎలా ఉన్నా గీతలు 43ని ఆధారంగా చేసుకుని రెండు వైపులా లెక్కపెట్టుకుంటాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో గీతలు పడాల్సిన చోట్లను నేరుగా జాబితాగా ఇచ్చేయొచ్చు. ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రాఆఫీస్ కాల్క్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి: మైనర్ అన్నచోట ఎక్సెల్ అడిగేది అంతరం విలువ, లిబ్రాఆఫీస్ అడిగేది ఒక పెద్ద గడిని ఎన్ని ముక్కలు చేయాలన్నది. ఎక్సెల్ అలవాటుతో అక్కడ 1 అని కొడితే ఒక్క చిన్న గీత కూడా రాదు.

అయితే నన్నడిగితే, 33, 38 అనే గీతలు వరద వారం చార్టుకి బాగుంటాయి గానీ ఏడాది పొడవు చార్టుకి కాదు. వేసవి మట్టాలు 33 కిందకి పోయి కనిపించకుండా పోతాయి. అక్కడ 0 నుంచి 80, పదేసి గీతలు అలాగే ఉంచి, 43, 48, 53 దగ్గర మూడు రంగుల్లో అడ్డగీతలు విడిగా గీయడం మేలు. టాబ్లోలో దానికి రిఫరెన్స్ లైన్ ఉంది. ఎక్సెల్‌లో మూడు అదనపు వరుసలు చేసి, ప్రతి తేదీకీ అదే అంకె నింపితే అడ్డగీత వచ్చేస్తుంది. శ్రీశైలం 885కి కూడా ఇదే దారి. 10, 20, 50 లాంటి గుండు అంతరాలేవీ దాని మీద సూటిగా పడవు.

కాలం పదుల్లో నడవదు

అడ్డ అక్షం మీద తేదీలు, గంటలు ఉన్నప్పుడు 1, 2, 5 సూత్రం చతికిలపడుతుంది. రోజుకి 24 గంటలు, గంటకి 60 నిమిషాలు, వారానికి 7 రోజులు, నెలకి ఎన్నో ఆ నెలను బట్టి.

వరదప్పుడు మట్టం గంటగంటకీ నమోదవుతుంది. ఆ లెక్కలను ఎక్సెల్‌లో స్కాటర్ చార్టుగా (రెండు అక్షాల మీదా సంఖ్యలే ఉండే చుక్కల చార్టుగా) వేస్తే అడ్డంగా 0:00, 2:24, 4:48, 7:12 అని వస్తుంటాయి. ఎక్సెల్‌కి ఒక రోజు అంటే 1, కాబట్టి గంట అంటే 24వ వంతు. అది 0.1 అనే గుండు అంతరం ఎంచుకుంది. రోజులో పదో వంతు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు మరి. మేజర్ యూనిట్‌లో మూడు గంటలకి 0.125, ఆరు గంటలకి 0.25 అని కొడితే దారికొస్తుంది.

స్కాటర్ చార్టులో తేదీలకీ ఇదే తంతు. ఎక్సెల్ తేదీలను వరుస సంఖ్యలుగా దాచుకుంటుంది. 2022 జులై 16 దానికి 44758. నెలకో గీత కావాలని 30 అని ఇస్తే, జనవరి 1 తర్వాత గీత జనవరి 31న, ఆ తర్వాతది మార్చి 2న పడుతుంది, ఫిబ్రవరి మాయం. లైన్ చార్టులో అయితే అక్షాన్ని డేట్ యాక్సిస్‌గా పెట్టి యూనిట్‌ని నెలలుగా ఎంచుకోవచ్చు, అప్పుడు 28, 31ల సంగతి అదే చూసుకుంటుంది.

డేట్ యాక్సిస్ కాకుండా, తేదీలను ఉత్త పేర్లలా చూసే టెక్స్ట్ యాక్సిస్ ఉంటే ఇంకో ముప్పు. భద్రాచలం పెద్ద వరదలు 1986లో 75.6, 1990లో 70.8, 2022లో 71.3 అడుగులు. వీటిని టెక్స్ట్‌గా వేస్తే మూడు చుక్కలూ సమాన దూరంలో కూర్చుంటాయి. నాలుగేళ్ల ఎడమూ ముప్పై రెండేళ్ల ఎడమూ ఒకటే అయిపోతాయి. నిలువు అక్షం గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు కూడా దీన్ని గమనించకుండా వదిలేస్తుంటారు.

లాగ్ స్కేలు సంగతి క్లుప్తంగా: అక్కడ గీతకీ గీతకీ మధ్య కూడిక ఉండదు, హెచ్చింపు ఉంటుంది. 1, 10, 100, 1000. మన దేశంలో కోవిడ్ మొదటి కేసు 2020 జనవరి 30న నమోదైంది. 2021 మే మొదటి వారానికి రోజుకి 4 లక్షలు దాటాయి. మామూలు అక్షం మీద మొదటి నెలలన్నీ నేలకి అంటుకుపోతాయి. లాగ్ అక్షం మీద ప్రతి పది రెట్లకీ ఒక గడి దక్కుతుంది. కానీ దాని మీద సున్నాకి చోటు లేదు, కడ్డీలకి అర్థం లేదు. పైగా చూసేవాళ్లకి ముందే చెప్పకపోతే వ్యాప్తి తగ్గిపోయిందనే అనుకుంటారు.

లక్షలు, కోట్లు

అంతరం బాగున్నా అంకె చదవలేకపోతే లాభం లేదు. అక్షం మీద 2,000,000, 4,000,000 అని ఉంటే మనలో చాలామంది సున్నాలు లెక్కపెట్టుకుంటారు. ఎక్సెల్ డిస్‌ప్లే యూనిట్స్ జాబితాలో మిలియన్, బిలియన్లతో పాటు 100000, 10000000 అని పేరు పెట్టని రెండు ఎంపికలు ఉన్నాయి. అవి మన లక్ష, మన కోటి. అవి ఎంచుకుని పక్కన వచ్చే లేబుల్‌ని "లక్షల్లో" అనో "కోట్లలో" అనో మార్చుకోవచ్చు. అంతరాన్ని కూడా అదే లెక్కలో పెట్టాలి: 20 లక్షలు, 25 లక్షలు, 50 లక్షలు. పూర్తి అంకెలే కావాలంటే నంబర్ ఫార్మాట్‌లో ఈ కోడ్ ఇస్తే కామాలు మన పద్ధతిలో పడతాయి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

బిగించాక వచ్చే చిక్కు

ఇంతసేపూ ఆటోని నమ్మకుండా విలువలు బిగించమని చెప్పాను. బిగించినదానికీ ఒక ప్రమాదం ఉంది. మామూలు ఏడాదులు చూసి భద్రాచలం బార్ చార్టుకి మాక్సిమమ్ 60 అని పెట్టేశారనుకోండి. 2022 జులై లాంటి వారం వస్తే 71.3 కడ్డీ 60 దగ్గర తెగిపోతుంది. హెచ్చరిక రాదు, రంగు మారదు. 60 అడుగులు వచ్చిందనే చూసేవాళ్లు అనుకుంటారు. రోజూ దానంతటదే అప్‌డేట్ అయ్యే చార్టుల్లో ఇది మరీ ముప్పు.

ఎక్సెల్‌లో ఈ పెట్టెలను ఏదో ఒక సెల్‌కి ముడిపెట్టి విలువ దానంతటదే మారేలా చేద్దామంటే మాక్రో (ఎక్సెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాము) రాయకుండా కుదరదు. దానికి బదులు పాత చిట్కా ఒకటుంది. మాక్సిమమ్ ఆటోలోనే వదిలేసి, డేటా పక్కన ఇంకో వరుస చేర్చి, అందులో 75.6 అని ఒకే ఒక్క విలువ పెట్టాలి. ఆ వరుసకి రంగు, గీత, గుర్తు ఏవీ లేకుండా చేసి, లెజెండ్ (ఏ రంగు దేనిదో చెప్పే పట్టిక) లోంచి దాని పేరు తీసేయాలి. కంటికి కనిపించకపోయినా ఎక్సెల్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మామూలు రోజుల్లో అక్షం 80 దగ్గరే ఆగుతుంది, నిన్నటి చార్టూ ఇవాళ్టి చార్టూ పోల్చి చూసుకోవచ్చు. గోదావరి ఎప్పుడైనా 80 దాటితే అక్షమూ దాంతోపాటే పెరుగుతుంది. మినిమమ్‌లో 0, మేజర్ యూనిట్‌లో 10 మాత్రం చేత్తో బిగించి ఉంచాలి.